ఆసా క్రెన్‌షా జీవిత చరిత్ర

“పందుల సంగతి కూడా రాయాలా అన్నా?” అన్నాడు ఆసా క్రెన్‌షా.

“అదే ముందు రాయాలి,” అన్నాడు ఎల్కానా ప్రూయిట్. “పందులు తోలినవాడంటే ఈ కెంటకీలో ఓటు దానంతటదే పడుతుంది.”

గవర్నరు ఎన్నికలకు మూడు నెలలున్నాయి. ఆసా జీవిత చరిత్రను చిన్న పుస్తకంగా అచ్చువేసి ఇంటింటికీ పంచాలన్నది ఎల్కానా ఆలోచన. ఊళ్లో వారపత్రిక అతనిదే. రాసేదీ అతనే, అక్షరాలు పేర్చేదీ అతనే.

ఆసా చెప్పుకుపోయాడు. దుంగల గుడిసెలో పుట్టడం. ఆరో ఏట చెట్టు మీద పడి తండ్రి పోవడం. పన్నెండో ఏట పరాయివాళ్ల పందుల మంద వెనక ఎనభై మైళ్లు నడవడం. పొయ్యి వెలుగులో చదువు.

“చదువయ్యాక నది మీద పడవల్లో తిరిగిన రోజులు మాత్రం వద్దన్నా. పేకాట, తాగుడు. అమ్మ పేరు పోతుంది.”

“సరే,” అని ఎల్కానా కలం ముంచి తర్వాతి సంగతికి వెళ్లాడు.

తర్వాతిదంతా అతనికి కంఠతా వచ్చు. ప్లీడరు, జిల్లా న్యాయవాది, శాసనసభ సభ్యుడు, సభాపతి. ఆసా ఎక్కిన ప్రతి మెట్టు కిందా ఎల్కానా పత్రిక ఉంది. ఆసా పదవీ ప్రమాణం చేసిన ప్రతిసారీ ఎల్కానా ముందు వరసలో నిలబడి, చర్చిలో ప్రార్థన విన్నట్టు, ఒక్క ముక్క పోకుండా వినేవాడు.

“పెళ్లీ పెటాకులూ లేకుండా ఊరివాడి కోసం ఇంత చాకిరీ ఏంటయ్యా?” అనేవాళ్లు జనం.

ఎల్కానా నవ్వి అక్షరాలు పేర్చుకునేవాడు. చాకిరీ ఎవరి కోసమో అతనొక్కడికే తెలుసు.

అతనికో తమ్ముడుండేవాడు, జోయెల్ టాండీ. తల్లి రెండో పెళ్లి బిడ్డ. ఇంటిపేరు వేరు, పెరిగింది నదికి ఎగువన ఇంకో ఊళ్లో. అందుకే ఇక్కడెవరికీ తెలియదు. పందొమ్మిదేళ్లకు జోయెల్ ఎవడితోనో మాటామాటా పెంచుకున్నాడు. ఒహైయో నది మధ్య ఇసుక దిబ్బ మీద, పది అడుగుల దూరంలో, పిస్తోళ్లతో ద్వంద్వయుద్ధానికి నిలబడ్డాడు. పడవలో బల్లచెక్క మీద శవమై ఇంటికొచ్చాడు. జేబులో అవతలివాడు రమ్మని పంపిన ఉత్తరం ఉంది. దిబ్బ మాది కాదంటే మాది కాదని రెండు ఒడ్డుల పోలీసులూ చేతులు దులుపుకున్నారు.

ఎల్కానా తుపాకీ అందుకుంటే తల్లి చెయ్యి పట్టుకుంది.

“కాల్చకురా. కాలిస్తే చిటికెలో పోతాడు. వాణ్ని ఎక్కనియ్యి. ఎక్కగలిగినంత ఎక్కాక, అందరూ చూస్తుండగా తోసెయ్.”

ఆమె పోయింది. మాట మిగిలింది.

ఆసాకు పోటీగా నిలబడ్డది కల్నల్ హ్యాడిక్స్. రాష్ట్ర ఖజానా అధికారి, ఆరొందల ఎకరాల పొగాకు ఆసామి. ఆయన హాలు గోడ మీద పిస్తోళ్లు జతలు జతలుగా వేలాడేవి. ఆయన గురి గురించి నదికి అటూ ఇటూ కథలు చెప్పుకునేవారు.

ఎల్కానా రాసిచ్చిన ఉపన్యాసం చూసి ఆసా మొహం ముడిచాడు.

“ఈ ద్వంద్వయుద్ధం ముక్క వద్దేమో అన్నా.”

“భయమా?”

“నాకెందుకు భయం?”

“అయితే చదువు. అది లేకపోతే నువ్వు గెలవవు.”

ఆసా చదివాడు. మేళాలో, కోర్టు మెట్ల మీద, పొగాకు సంతలో గొంతు పోయేదాకా చదివాడు.

“ద్వంద్వయుద్ధం చేసినవాడు ఈ రాష్ట్రంలో బంట్రోతు పనికి కూడా చెల్లడు. పదవిలోకి వచ్చే ప్రతివాడూ చెయ్యలేదని ప్రమాణం చెయ్యాలి, దొంగ ప్రమాణమైతే జైలు. కల్నల్ గారు బైబిలు మీద చెయ్యి పెట్టి ఏం చెప్పారో మనం విన్నాం. ఆయన పిస్తోలు ఏం చెప్పిందో నది ఒడ్డునెళ్లి అడగండి.”

జనం ఊగిపోయారు. ఎల్కానా అదే మాటను వారం వారం పెద్దక్షరాల్లో వేశాడు. కల్నల్ గుర్రబ్బండి మీద కుళ్లిన కోడిగుడ్లు పడ్డాయి. ఆయన కూతురి పెళ్లి ఆగిపోయింది. ఆగస్టులో ఆసా పదకొండు వేల ఓట్లతో గెలిచాడు.

మర్నాడు కల్నల్ అచ్చాఫీసుకు వచ్చాడు. నెలలో పదేళ్లు పైబడినట్టున్నాడు.

“నా పిస్తోలు సీసాల మీద తప్ప మనిషి మీద పేలలేదు,” అన్నాడు. “నీకు నేనేం చేశానయ్యా ప్రూయిట్?”

ఎల్కానా చేతిలోని అచ్చక్షరం కింద పెట్టలేదు. “మీరు దారికి అడ్డంగా నిలబడ్డారు కల్నల్ గారూ.”

ఆయన టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. ఎల్కానాకు జాలి కలిగింది. కలిగినా పని ఆపలేదు. ఆ నెలంతా ఇంకొక్క సంచిక కోసమే అక్షరాలు పేర్చాడు.

సెప్టెంబరులో, రాష్ట్ర రాజధాని ఫ్రాంక్‌ఫర్ట్‌లో శాసనసభ భవనం ముందు ఇసక వేస్తే రాలని జనం. ప్రధాన న్యాయమూర్తి బైబిలు చాపాడు. ఆసా చెయ్యి పెట్టాడు.

“నేను మారణాయుధాలతో ద్వంద్వయుద్ధం చెయ్యలేదనీ, ఎవరినీ దానికి పిలవలేదనీ, దేవుని సాక్షిగా...”

తడబడకుండా చివరిదాకా చెప్పాడు. ముందు వరసలో ఎల్కానా పెదవులు అతనితో పాటే కదిలాయి. ఫిరంగులు మోగాయి. బాండు ఎత్తుకుంది.

ఎల్కానా మెట్లెక్కాడు. చంకలోంచి తడి ఆరని పత్రికలు తీశాడు. ఒకటి న్యాయమూర్తికి, ఒకటి కొత్త గవర్నరుకు ఇచ్చాడు. మిగతా కట్టను జనంలోకి విసిరాడు.

“ఏంటన్నా, అప్పుడే వేసేశావా?” అని ఆసా నవ్వుతూ విప్పాడు.

మొదటి పేజీ నిండా, జోయెల్ టాండీని ఇసుక దిబ్బ మీదికి రమ్మని పిలిచిన ఉత్తరం పొల్లుపోకుండా అచ్చయి ఉంది, దాని అడుగున సంతకం ఆసా క్రెన్‌షాది.