నీళ్ళకేసి చూసే ఆవిడ

"మళ్ళీ ఎవరో తిప్పారు," అంది నోరీన్.

దీవి సమావేశశాలలో బల్ల మీద సందర్శకుల మండపం నమూనా ఉంది. అట్టతో, దేవదారు పుల్లలతో ఆమే చేసింది. ఒకవైపే వాలిన కప్పు. మధ్యలో వేలెడంత స్తంభం. స్తంభం మీద, ఒడిలో నీటికాకిని పెట్టుకున్న ఆడమనిషి.

ఫెర్రీ దిగి వచ్చేవాళ్ళకు ఎదురుగా కనబడాలని ఆ బొమ్మను రోడ్డువైపు నిలబెట్టింది నోరీన్. పొద్దున వచ్చి చూస్తే అది సముద్రంవైపు తిరిగి ఉంటోంది.

"పిల్లలేమో," అంది శాల చూసుకునే మార్సీ.

"పిల్లలైతే విరగ్గొడతారు పిన్నీ. తిప్పి ఊరుకోరు."

మార్సీ గొంతు తగ్గించింది. "అయితే అడుగో, ఆయన్ని అడుగు."

కిటికీ దగ్గర ఒక ముసలాయన కూర్చున్నాడు. రబ్బరు బూట్లు, ఒళ్ళో టోపీ. సరిహద్దు అవతలి దీవి నుంచి సోమవారం వచ్చాడు. పేరు ఆంబ్రోస్ అన్నాడు. ఇంకేమీ అనలేదు.

నోరీన్ వెళ్ళి ఆయన ముందు నిలబడింది.

"స్తంభం మీరు తిప్పారా?"

"తిప్పాను."

"ఎందుకు?"

"ఆమె నీళ్ళకేసి చూడాలి."

"మీకెవరు చెప్పారు?"

"పిలిస్తే చెబుతాను."

"ఎవరు పిలవాలి?"

"నువ్వే, అమ్మాయ్."

"సలహాలిచ్చేవాళ్ళు మాకు సరిపడా ఉన్నారండీ," అంది నోరీన్.

ఆయన టోపీ సరిచేసుకున్నాడు.

"ఫొటో తీశాడా?" అని అడిగింది మార్సీ, నోరీన్ తిరిగి రాగానే. "పోయినసారి ఒకడు ఇలాగే వచ్చి చూసిపోయాడు. ఏడాది తిరక్కుండా మన తిమింగలం బొమ్మ బజార్లో అమ్మే తువ్వాళ్ళ మీద తేలింది."

మధ్యాహ్నం వెస్లీ వచ్చాడు. వస్తూనే ముసలాయన్ని చూసి గుమ్మంలో ఆగాడు.

"నా మీదికి ఎవణ్ణి పట్టుకొచ్చావే?"

"నేనా? మీ మనిషనుకున్నాను బాబాయ్."

"నా మనిషా! మా వంశంలో నోరు మూసుకుని కూర్చున్నవాడు ఇంతవరకు పుట్టలేదు."

గొడవ ఆ బొమ్మ గురించే. ఒక ఇంటి బొమ్మను ఆ ఇంటివాళ్ళు ఇస్తే తప్ప ఈ దీవిలో మరొకరు చెక్కకూడదు. అది వెస్లీ తాతల ఇంటి స్తంభం మీది బొమ్మ. నోరీన్ అమ్మమ్మ అడెలిన్‌కు పెద్దయ్యాక వంశం పేరు పెట్టిన విందులో వాళ్ళు దాన్ని ఆమెకు ఇచ్చేశారని నోరీన్ అంటుంది. ఇవ్వలేదని వెస్లీ అంటాడు. ఆ ఇల్లు ఎప్పుడో కాలిపోయింది. స్తంభాన్ని కళ్ళారా చూసినవాళ్ళు దీవిలో లేరు. అమ్మమ్మ చెప్పిన మాటలను పట్టుకుని నోరీన్ బొమ్మ గీసింది. ఆ బొమ్మ కోసమే మండపం కప్పును అక్కడ ఎత్తుగా పెట్టింది.

శుక్రవారం సభలో తేలాలి. తేలకపోతే మండపం ఉంటుంది, స్తంభం మీద ఆమె ఉండదు.

శుక్రవారం శాల నిండింది. మార్సీ అందరికీ గుల్లల సూప్ పోసింది. ఆంబ్రోస్ ముందు గిన్నె పెట్టలేదు.

నోరీన్ లేచింది.

"మొదలుపెట్టేముందు ఒక మాట. ఇది మా ఇంటి విషయం. బయటివాళ్ళు దయచేసి వెళ్ళాలి."

బయటివాడు ఒక్కడే ఉన్నాడు. ఆయన లేచి నిలబడ్డాడు. నోరీన్ వైపు చూశాడు.

"నన్ను పిలవరా, అయితే?"

"లేదండీ. నాలుగింటికి ఫెర్రీ ఉంది."

ఆయన టోపీ పెట్టుకున్నాడు. బల్ల పక్కనుంచి వెళుతూ స్తంభాన్ని సముద్రంవైపు తిప్పాడు. తలుపు మూసుకునేలోపే నోరీన్ దాన్ని రోడ్డువైపు తిప్పేసింది.

వెనక ఎవరో నవ్వారు.

వెస్లీ గొంతు సవరించుకున్నాడు.

"నీ మీద నాకు కోపం లేదు తల్లీ. మీ అమ్మమ్మ పొగబెట్టిన చేప తిని పెరిగినవాణ్ణి. ఇచ్చారంటున్నావు. విన్నవాళ్ళేరీ?"

"నలుగురికి దుప్పట్లు కప్పి సాక్షులుగా నిలబెట్టారని అమ్మమ్మ చెప్పింది."

"నేనూ విన్నాను. ముగ్గురి సమాధులకు నేనే మట్టి వేశాను. నాలుగోవాడు ఎవరో పై దీవి కుర్రాడు. ఆ చలికాలమే వాడి పడవ మునిగింది. చచ్చినవాళ్ళను నేనెలా అడిగేది?"

నోరీన్ బల్ల మీది నమూనా వైపు చూసింది.

"ఒక్కణ్ణి తీసుకురా," అన్నాడు వెస్లీ. "ఉలి నేనే పట్టుకుంటాను."

చేతులెత్తారు. బొమ్మ వద్దని తేలింది.

మరుసటి ఏడాది మే నెలలో మండపం తెరిచారు. మధ్య స్తంభం బోడిగా ఉంది. వాన పడినప్పుడు సందర్శకులు దానికి తడి కోట్లు తగిలించారు. జూన్ నాటికి ఎవరో దాని మీద ఫెర్రీ వేళల పలక కొట్టారు.

ఒకరోజు పొద్దుటి ఫెర్రీలో ఒకావిడ వచ్చింది. స్తంభం చుట్టూ తిరిగింది.

"ఆమె ఏది?" అని అడిగింది.

"ఎవరు?" అంది నోరీన్.

"నీటికాకితో ఉండే ఆవిడ. నీళ్ళకేసి చూస్తూ ఉంటుందని నాన్న చెప్పేవాడు."

"మీ నాన్న…"

"ఆంబ్రోస్. పోయినేడు మీ సభకు వచ్చాడు. పిలిచారా ఆయన్ని?"

మార్సీ సూప్ గిన్నె తెచ్చి ఆవిడ ముందు పెట్టింది.

"పిలవకపోతే మాత్రం, ఆయనే నోరు తెరిచి చెప్పొచ్చుగా?" అంది మార్సీ.

"పిలవందే చెబితే అది సాక్ష్యం కాదట, గొప్పలు చెప్పుకోవడమట. ఆ మాట మీ ఊళ్ళోనే నేర్చుకున్నానన్నాడు."

నోరీన్ స్తంభానికి చెయ్యి ఆనించింది.

"నాలుగో ఆయన పడవ మునిగి పోయాడనే కదా అందరూ…"

"మునిగింది పడవ ఒక్కటే," అంది ఆవిడ. "ఆ విందులో మీ అమ్మమ్మ కప్పిన దుప్పటిని పోయిన నెల నాన్న మీదే కప్పి పూడ్చాం."