కనపడని గుర్తు

“వీడియో నకిలీదని ఒక్క మాట చెప్పు ఫరీన్. బయటికి పంపింది ఎవురో నేనడగను.”

మేనేజర్ విజయభాస్కర్ ఆ మాట అంటుండగానే విచారణ అధికారి పద్మనాభయ్య లోపలికొచ్చాడు. వెనకే బీజాన్ వచ్చింది. బొగ్గు యార్డులో చనిపోయిన యాసీన్ భార్య ఆమె.

“తిరుగుతుండే బొగ్గు బెల్టు మీదికి మా ఆయన్ని సూపర్‌వైజరే ఎక్కించినాడు సార్. వీడియోలో ఉండాది. వీళ్లేమో అది అబద్ధమంటుండారు,” అంది బీజాన్.

“మా రికార్డింగు చెరిగిపోయింది సార్. పోల్చి చూడ్డానికి లేదు,” అన్నాడు మేనేజర్.

పద్మనాభయ్య, కెమెరాలు చూసుకునే ఫరీన్ వైపు తిరిగాడు. “తేల్చే దారేమన్నా ఉందా అమ్మా?”

“ఉండాది సార్. ఇక్కడ కాపీ చేసిన ప్రతి వీడియోలో కంటికి కనపడని గుర్తొకటి కలుస్తుంది. దాన్ని బయటికి తీస్తే వీడియో మళ్లీ అసలు రూపానికొస్తుంది. మధ్యలో ఎవరన్నా ఏదన్నా మార్చుంటే ఆ గుర్తు చెదిరిపోతుంది.”

“గుర్తులో ఏముంటుంది?”

“కాపీ చేసినవాళ్ల పేరు.”

“ఆలోచించుకో ఫరీన్,” అన్నాడు మేనేజర్ మెల్లగా. “రేపు కూడా ముత్తుకూరులో కంపెనీ బస్సెక్కి పనికి రావాల గదా.”

ఫరీన్ బీజాన్ ముఖం చూసింది. ముందున్న కంప్యూటర్లో ఆ వీడియో పెట్టి, గుర్తు బయటికి తీసే బటన్ నొక్కింది.

“గుర్తు చెదరలేదు సార్. వీడియో అసలుదే,” అంటూ, తెర మీద తన పేరు అందరికీ కనపడేలా కుర్చీ పక్కకు జరుపుకుంది.