విద్యార్థి

సౌభాగ్యమ్మకి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ముప్పై నాలుగేళ్ళు ఇంగ్లీషు మాస్టారితో కాపురం చేసి కూడా రాలేదు. పాత ఫోను చేతికిస్తే పాటలు విన్నదే గాని ఒక్క మాట నేర్చుకోలేదు. అలాగే, మొన్న ఎండాకాలంలో పోయింది. ఈ విషయంలో కృపారావు ఆమెని క్షమించలేదు.

లోకాన్నీ క్షమించలేదు. జగ్గయ్యపేట హైస్కూల్లో రిటైరయ్యాక, చిల్లకల్లులో ఇంటి వరండాలో కూర్చుని, ఫేస్‌బుక్‌లో ఒక ఇంగ్లీషు సందేహాల గ్రూపుకి జవాబులు రాయడం మొదలుపెట్టాడు. ఆరేళ్ళలో నాలుగు వేల జవాబులు. ఆ ప్రశ్నలు చదువుతుంటే ఒళ్ళు కంపరమెత్తేది.

"ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2019 అనొచ్చా సార్?" అని ఒకడు.

"పాస్డ్ అవుట్ అంటే స్పృహ తప్పడం. నీకింకా తెలివి రాలేదు" అని రాశాడు కృపారావు.

పది మంది ఏడుపు బొమ్మలు పెట్టారు. థాంక్స్ ఒక్కడూ చెప్పలేదు.

థాంక్సులన్నీ ఇంకొకడికి పోయేవి. 'విద్యార్థి' అని పెట్టుకున్నాడు. ఫొటో లేదు, ఊరు లేదు. పేరు విద్యార్థి, చేసేది మాస్టారి పని.

'ఈజ్ బాయిలింగ్'కీ 'హాజ్ బాయిల్డ్'కీ తేడా ఏమిటని ఎవరో అడిగితే కృపారావు సూత్రం రాసి పడుకున్నాడు. లేచేసరికి దాని కింద విద్యార్థి తగులుకుని ఉన్నాడు.

"స్టవ్ మీద పాలు పెట్టి చూడండి. కాగుతున్నంతసేపూ మొదటిది. కాగాక దించితే రెండోది. దించడం మర్చిపోతే వచ్చేవి తిట్లు, వాటికి కాలం లేదు. సూత్రం మాస్టారు చెప్పిందే. నేను పాలు పోశానంతే."

రెండొందల లైకులు.

"పాలట!" పక్కింటి జ్ఞానయ్య ముందు కృపారావు ఉమ్మేసినంత పని చేశాడు. "గ్రామరుని తీసుకెళ్ళి పొయ్యి మీద పెట్టాడు వెధవ."

జ్ఞానయ్య రిటైరైన పోస్ట్‌మ్యాన్. ఫోను ముక్కు దాకా తెచ్చుకుని చదివాడు. "బానే ఉందండి మాస్టారూ. నాక్కూడా ఎక్కింది."

"నీకెక్కిందంటే అది గ్రామరు కాదు."

అసలు మంట వేరే ఉంది. 'ఎప్పుడు జరిగిందో తేలాకే క్రియ జోలికి పో' అని విద్యార్థి తరచూ రాసేవాడు. ఇరవయ్యేళ్ళ పాటు ఇదే వరండాలో ట్యూషను పిల్లలకి కృపారావు చెప్పిన మాట అది. అక్షరం పొల్లుపోలేదు. పైగా ఆ జవాబులన్నీ మధ్యాహ్నం ఒంటిగంటకీ మూడింటికీ మధ్యే పడేవి. సరిగ్గా కృపారావు కునుకు తీసే వేళ.

"నా దగ్గర చదివినవాడే జ్ఞానయ్యా. నా నిద్ర వేళ తెలిసినవాడు. కాచుక్కూచుని దెబ్బ కొడుతున్నాడు."

"మీ ట్యూషనుకొచ్చిన మన బెన్నిగాడు గాని కాదు గదండీ?"

"వాడికంత ఇంగ్లీషు నేను నేర్పలేదు."

విద్యార్థి తప్పులన్నీ ఒక కాగితం మీదకి ఎక్కించాడు. పదిహేడు తేలాయి. "ముసుగు తియ్యి. నీ మొహం చూపించు" అని గ్రూపులోనే రాశాడు.

"తప్పులుంటే దిద్దుకుంటానండి మాస్టారూ" అని జవాబొచ్చింది. వెటకారం.

ఎండాకాలం వచ్చాక విద్యార్థి జాడ లేదు. తన దెబ్బకి పారిపోయాడనుకున్నాడు కృపారావు. జనం మాత్రం వదల్లేదు. విద్యార్థి గారేరీ, విద్యార్థి గారేరీ అని ఒకటే గోల. చూసి చూసి రోత పుట్టింది.

మొన్న నందిగామ నుంచి డేవిడ్‌రాజు ఫోను చేశాడు. ఆ గ్రూపు నడిపేది అతనే.

"మాస్టారూ, నంబరు పట్టుకుని ఆరా తీస్తే తెలిసిందండి. ఆదివారం ఇక్కడ విద్యార్థి గారి పేరున సభ పెట్టుకున్నాం. ఆ జవాబులు చదివి ఉద్యోగాలొచ్చినోళ్ళు అరవై మంది వస్తున్నారు. శాలువా మీ చేతికే ఇస్తామండి."

"ఇంతకీ ఎవరు?"

"భలేవారే సార్! మీరడగాలా ఆ మాట?"

అనుకున్నదే. తన ట్యూషను సరుకే. పైగా తన చేత్తో శాలువా కప్పించుకుంటాడట.

"వస్తా" అన్నాడు కృపారావు. పదిహేడు తప్పుల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మైకులో చదవాలి. అరవై మంది ముందు వాడి పరువు తియ్యాలి. అదొక్కటి జరిగితే చాలు, నాలుగు వేల జవాబుల కడుపుమంట చల్లారుతుంది.

ఆదివారం ఆరాధన మానేసి బస్సెక్కాడు. నందిగామలో హాలు నిండిపోయి ఉంది. ముందు వరసలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. పేరు పిలిచారు. మెట్లెక్కి, జేబులో చెయ్యి పెట్టి, వేదిక మధ్యకి చూశాడు.

పెట్టిన చెయ్యి బయటికి రాలేదు.

సాయంత్రం జ్ఞానయ్య గేటు దగ్గరే కాచుకుని, వెనకాలే ఇంట్లోకి వచ్చాడు.

"దొరికాడా మాస్టారూ? పదిహేడూ చదివారా? ఏడ్చాడా లేదా?"

"ఆ సంగతి ఇంకెప్పుడూ నా దగ్గర ఎత్తకు" అన్నాడు కృపారావు, విద్యార్థి పేరున వాళ్ళిచ్చిన శాలువా మడత విప్పి సౌభాగ్యమ్మ ఫొటోకి కప్పుతూ.