నాలుగు చక్రాల మొక్కు

"మొక్కకుంటనే ఎక్కుతవా? దిగు కొడుకా, దిగు!"

లారీ ముందు జంగమ్మ చేతులు చాపి నిలబడింది. ఆమె వెనక ఇంకో పదిమంది ఆడవాళ్లు, చేతుల్లో ఖాళీ తట్టలతో. కోట్‌పల్లి ప్రాజెక్టు కట్టకు మట్టి మోసే కూలీలు వాళ్లంతా.

బాల్‌రాజ్‌కు ఒళ్లు మండింది. రోజూ ఈ లారీ నడిపే అంజిలయ్యకు జ్వరమని ఇవాళే తనను తాండూరు నుంచి పిలిపించారు. ఇక్కడ ఎండ మాడ్చేస్తోంది గానీ అవతల అనంతగిరి మీద మబ్బు కమ్ముతోంది. కట్టలో గండి ఇంకా పూడలేదు. వాన పడిందంటే ఇన్నాళ్ల కష్టం నీళ్లపాలే. ఇంత హడావుడిలో ఈ ముసలమ్మ పేరంటం ఒకటి!

"ఇనుముకు మొక్కుడేందవ్వా? గిది డీజిల్‌తోని నడుస్తది, దండాలతోని కాదు."

"గంత పెద్ద బండి, గుట్టంత మన్ను మోసుకొని గంత మెత్తగ పోతదంటే ఊకెనే పోతదా?" జంగమ్మ తన నడుమెత్తున్న టైరును కళ్లింతలు చేసుకుని చూసింది. "మా అంజిలయ్య ఎక్కేముంగట సుట్టూ తిరుగుతడు. నాలుగు సక్రాల కాడ నేలకు తల ఆనిచ్చి మొక్కుతడు. రెండేండ్లాయె, ఒక్క మేకపిల్లకన్న దెబ్బ తగల్లె!"

కట్ట మీద నుంచి మేస్త్రి పాండురంగం కేకేశాడు. "ఏంరా బాల్‌రాజ్, కదుల్తవా లేదా?"

"మొక్కమని అడ్డం నిలబడ్డరు మేస్త్రీ!"

"మొక్కమంటే మొక్కు మరి! దేవుని పనికి నేనెందుకు అడ్డమొస్త?"

చేసేది లేక బాల్‌రాజ్ దిగాడు. మొదటి చక్రం దగ్గర ఒంటి చేత్తో సలాం కొట్టాడు.

"గట్ల కాదు! తల నేలకు ఆనాలె."

పళ్లు కొరుక్కుంటూ ఆనించాడు. రెండోదీ అయింది, మూడోదీ అయింది. నాలుగో చక్రం దగ్గర వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

"అవ్వా..." బండి కిందికి వేలు చూపించాడు. "కింద మనిషున్నడు!"

వెనక టైరుకు జానెడు దూరంలో, గొంగడి ముసుగేసుకుని ఎవరో ముడుచుకుని పడుకున్నారు. నలుగురూ కలిసి బయటికి లాగారు. ముసుగు తీస్తే అంజిలయ్య! ఒళ్లు పెనంలా కాలిపోతోంది.

ఆడవాళ్లు ఒక్కసారిగా చక్రానికి చేతులు జోడించారు. "నీ మహిమ ఎంత దొడ్డదే తల్లీ!" అంటూ జంగమ్మ నేల మీద సాగిలపడింది. బండి తాళం ఇంకా బాల్‌రాజ్ పిడికిట్లోనే ఉంది. ఇంకో నిమిషమైతే తను మనిషిని చంపినవాడయ్యేవాడు. ఎవరూ చెప్పకుండానే అతనూ చేతులు జోడించాడు.

ముఖాన నీళ్లు చల్లితే అంజిలయ్య కళ్లు తెరిచాడు.

"బండి కింద ఎందుకు పండుకున్నవు కాకా?"

"జరం జర తక్కువైందని నడిసొచ్చిన. కండ్లు తిరిగినయ్. గీ ఎండల ఇంకేడున్నది నీడ? నా బండిని నేను గాక ఎవడు కదిలిస్తడనుకున్న."

బాల్‌రాజ్ అతని చెవి దగ్గరికి వంగాడు. "నిజంగనే మస్తు మహిమున్నది కాకా. సక్రాల కాడ ఏం మంత్రం సదువుతవు? నాకు గూడ జెప్పు."

అంజిలయ్య ఓసారి ఆడవాళ్ల వైపు చూసి గొంతు తగ్గించాడు.

"మంత్రం లేదు, మన్ను లేదు. ఎండకు కూలోళ్లు బండి కింద పండుకుంటరు. ఎవలన్న ఉన్నరేమోనని చూసుకుంట, గంతే. చూస్తున్న అంటే మేస్త్రి తొందర పెడతడు. మొక్కుతున్న అంటే ఎవ్వడు తొందర పెట్టడు."