గుర్రం బొమ్మ నాణెం

మళ్ళీ గేటు పక్కనే!

జానిస్‌కు ఒళ్ళు మండిపోయింది. నాణేల వేట సంఘంలో చేరి తొమ్మిదేళ్ళయింది. ఇన్నేళ్ళలో ఎవరూ ఆమెకు మంచి పొలం చెక్క ఇచ్చిన పాపాన పోలేదు.

ఇంగ్లండులోని ఆ నార్ఫోక్‌లో పంట తీసిన పొలాలకు కొదవ లేదు. ఆదివారం వస్తే ఏ రైతునో అడిగి దిగుతారు. నేలలోని లోహాన్ని పసిగట్టే డిటెక్టర్ ఊపుకుంటూ తిరగడం, అది కూత పెట్టినచోట తవ్వడం. ఎవరు ఎక్కడ తిరగాలో పంచేది మాత్రం అధ్యక్షుడు నెవిల్. నది వైపు, పాత బాట వైపు మగవాళ్ళకు. ట్రాక్టర్లు మలుపు తిరుగుతూ మేకులూ నట్లూ రాల్చే గేటు పక్క చెక్క జానిస్‌కు. అందరికీ ఫ్లాస్కుల్లో టీ తెచ్చే భాగ్యం కూడా ఆమెదే.

"సీసా మూతలన్నీ నీకే రాసిచ్చేశాను, పండగ చేసుకో అమ్మాయ్," అన్నాడు నెవిల్. పక్కనున్న డెస్ కిసుక్కున నవ్వాడు.

అరవై దాటిన మనిషి, రోజూ బస్సు నడుపుతుంది, ఈయనగారికి అమ్మాయట! జానిస్ పళ్ళు నూరుకుంటూ గేటు వైపు నడిచింది.

సంఘంలో బంగారం దొరకనిది ఆమెకొక్కదానికే. బంగారం దొరికినవాళ్ళు అక్కడికక్కడే, ఆ బురదలోనే గంతులెయ్యాలి. మిగతావాళ్ళు చుట్టూ చేరి చప్పట్లు కొట్టాలి. ఆ వేటగాళ్ళకు అదొక ఆచారం. జానిస్ ఇన్నేళ్ళూ అందరికీ చప్పట్లు కొడుతూనే ఉంది. చచ్చేలోగా ఒక్కసారైనా తనూ గంతులెయ్యాలి. ఆమె కోరిక అంతే. దానికోసమే ఈ వెధవ ఎగతాళులన్నీ దిగమింగుతోంది.

మధ్యాహ్నం దాకా దొరికినవన్నీ మూతలే. టీ వేళవుతోందనగా డిటెక్టర్ సన్నగా, తీయగా కూసింది. ఇంకో మూతే అనుకుంటూ విసుగ్గా పార దించింది. జానెడు లోతు తవ్వాక వచ్చిన మట్టిగడ్డను చేత్తో విరిచింది.

పచ్చగా మెరిసింది.

వేలిగోరంత నాణెం. దాని మీద గుర్రం బొమ్మ. రోమన్లు రాకముందు ఆ నేలను ఏలినవాళ్ళది. ఆ చుట్టుపక్కల పొలాల్లో ఎవరికి బంగారం దొరికినా అలాంటి గుర్రమే దొరికేది. తుప్పు లేదు, చిలుము లేదు. బంగారం నేలలో ఎన్నేళ్ళున్నా నిన్ననే పోతపోసినట్టు వస్తుందని ఆమె వినడమే గానీ చూడటం ఇదే మొదలు.

"బంగారం! బంగారం దొరికింది!"

గంతులేసింది. రబ్బరు బూట్లు బురదలో దిగబడుతున్నా వేసింది. నడుం నొప్పి మరచి, చేతులు గాల్లో తిప్పుతూ, తనలో తానే పాడుకుంటూ వేసింది. కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి.

అందరూ పరుగెత్తుకొచ్చారు. ఒక్కడూ చప్పట్లు కొట్టలేదు. డెస్ ఫోన్‌తో వీడియో తీస్తున్నాడు. నెవిల్ పొట్ట పట్టుకుని వంగిపోయి నవ్వుతున్నాడు.

"అది నాదే అమ్మాయ్! మ్యూజియం దుకాణంలో కొన్న బొమ్మ నాణెం. నిన్న సాయంత్రం నేనే వచ్చి ఈ గేటు దగ్గర పూడ్చిపోయా!"

"పూత బిళ్ళకే ఇంత ఆటాడిందిరా బాబూ!" అన్నాడు డెస్. "జానిస్, ఇంకొక్కసారి గెంతవా? ఆ చేతులు తిప్పేది సరిగ్గా రాలేదు."

జానిస్ కాళ్ళు ఆగిపోయాయి. సిగ్గుతో ముఖం కందిపోయింది. ఆ వెనకే అరికాలి మంట నెత్తికెక్కింది. నాణెం పిడికిట్లో బిగుసుకుంది.

"మీకు చొక్కా బొత్తాం దొరికినా పరిగెత్తుకొచ్చి చప్పట్లు కొట్టాను," అంది. "చలిలో, వానలో మీ అందరికీ టీలు మోశాను. ఏనాడైనా ఒక్కడొచ్చి, నీకేం దొరికింది జానిస్ అని అడిగాడా? ఇన్నాళ్ళకి నేను సంతోషపడితే అది కూడా మీకు నవ్వులాటేనా? సిగ్గు లేదుట్రా మీకు?"

నవ్వులు కాస్త తగ్గాయి. నెవిల్ మాత్రం ఇంకా ఇకిలిస్తూనే ఉన్నాడు.

"అబ్బ, సరదాకి చేశాంలేవమ్మా. దానికింత రాద్ధాంతమా? అదిటిచ్చెయ్. కొత్తగా చేరేవాళ్ళకి పెట్టడానికి పనికొస్తుంది."

ఆ మాటతో ఆమెలో మిగిలిన కాస్త ఓర్పూ తెగిపోయింది. గిరుక్కున తిరిగి నది గట్టు మీదికి నడిచింది. ఆటు సమయం. నది బురదనీళ్ళతో సముద్రం వైపు పరుగులు తీస్తోంది. జానిస్ ఒంట్లో బలమంతా కూడదీసుకుని నాణేన్ని నది నడిమధ్యకు విసిరికొట్టింది.

"ఇక పెట్టుకో పో, ఎవరికి పెడతావో!"

తిరిగొచ్చి రెండు ఫ్లాస్కుల టీ నెవిల్ బూట్ల మీద కుమ్మరించింది. డిటెక్టర్‌ను కారులో పడేసి, మళ్ళీ ఈ సంఘం మొహం చూడనని చెప్పి వెళ్ళిపోయింది. ఎవరూ ఆపలేదు.

సాయంత్రం అందరూ సామాన్లు సర్దుకుంటుంటే నెవిల్‌కు జానిస్ తవ్విన గుంత కనిపించింది. తెరిచిన గుంత రైతు కంటబడితే సంఘాన్ని మళ్ళీ గేటు దాటనివ్వడు.

"ఇంత తిక్క మనిషిని నేనెక్కడా చూళ్ళేదు! గుంత పూడ్చడానికి కూడా నేనే దొరికానా?" అని సణుక్కుంటూ వెళ్ళి మట్టి నింపి కాలితో తొక్కాడు. పార ఎత్తుకుని నాలుగడుగులు వేశాడో లేదో, చేతిలో వేలాడుతున్న డిటెక్టర్ కూత పెట్టింది. కూత వింటే తవ్వకుండా పోయే మనిషి కాదు.

వేలెడు లోతులోనే తగిలింది: నిన్న సాయంత్రం తాను పూడ్చిన గుర్రం బొమ్మ నాణెం, వెనక నకలు అన్న ముద్రతో సహా.