ఆఖరి బిగింపు

గాజువాకలో బయటి గాలి పీల్చడానికి పనికిరాకుండా పోయాక వీధి వీధికీ గాలి పైపు వేశారు. ఆ లావుపాటి పైపుకు బిగించిన ఫ్లాంజి అనే కన్నాల ఇనప బిళ్ల నుంచి ఇంట్లో ఒక్కొక్కరి మంచం దగ్గరికీ ఒక్కో సన్న గొట్టం. మనిషి పోతే ఆ రోజే గొట్టం తీసేసి, కన్నానికి బిరడా బిగించాలి.

సత్తెమ్మ గొట్టం తియ్యడానికి ఫిట్టరు పైడితల్లి వచ్చింది.

"ఉంచెయ్యి తల్లీ. ఆ సుయ్యిమనే సప్పుడు లేపోతే నాకు నిద్దరట్టదు," అన్నాడు సత్తెమ్మ భర్త సన్యాసిరావు.

"ఉంచకూడదు బాబూ. ఈదిలో అందరికీ గాలి తగ్గిపోద్ది."

ఆమె గొట్టం ఊడదీసి, బిరడా పెట్టి, గాలి కారుతోందేమో చూడటానికి సబ్బు నురగ రాసింది. అంచున ఒక బుడగ మెల్లగా ఉబ్బింది.

"సూడు, దానికింకా ఊపిరాడతంది," అన్నాడు సన్యాసిరావు.

ఆఖరి బిగింపు ఇంటివాళ్ల చేత వేయించడం అక్కడి ఫిట్టర్ల ఆనవాయితీ. పైడితల్లి పానా అతని చేతిలో పెట్టింది.

"మీరే తిప్పండి బాబూ."

బుడగ పెద్దదై, తనంతట తాను పగిలేదాకా అతను ఆగాడు. అప్పుడు తిప్పాడు.

ఆమె మళ్లీ నురగ రాసింది. ఈసారి బుడగ రాలేదు.

"సరిగ్గా సూడు తల్లీ," అన్నాడు సన్యాసిరావు. "ఇంకొంచెం సబ్బు రాయి."