ఊరు చెప్పని మనిషి

విన్నీ అన్న పేరు ఆ గ్రూపులో అంతకుముందు ఎవరూ చూడలేదు.

"కోవెంట్రీ ఐరిష్ తల్లులు" అన్నది ఆ గ్రూపు పేరు. ఐర్లండు నుంచి వచ్చి ఇంగ్లండులోని ఆ ఊళ్ళో కాపురముంటున్న ఆడవాళ్ళది. మధ్యాహ్నం భోజనాలవేళకి అందులో విన్నీ రాసిన నాలుగు ముక్కలు ప్రత్యక్షమయ్యాయి. సోమవారం నుంచి బట్టలుతికే కొట్టులో పనికి చేరాలట. రెండేళ్ళ పాపని పగలు ఎక్కడైనా అప్పజెప్పకపోతే దొరక్క దొరికిన ఆ పనీ పోతుందట. ఒకచోట ఫోన్ చేస్తే తీసుకురమ్మన్నారట. తీరా పాపని చంకనేసుకుని వెళ్ళాక, తనెవరో తెలియగానే చోటు లేదన్నారట.

"చోటుంది. నా కళ్ళతో చూశాను" అని చివర రాసింది.

ఫిడెల్మా ఆ ముక్కలు మళ్ళీ మళ్ళీ చదివింది. ముందుగదిలో పనులకెళ్ళే తల్లులు పగటికి ఆమెకి అప్పజెప్పిన పిల్లలు చిన్న చిన్న పరుపుల మీద నిద్రపోతున్నారు. కిటికీ కింద పరుపు ఖాళీగా ఉంటే దానిమీద కాళ్ళు జాపుకుని కూర్చుంది. పిల్లలు లేచేదాకా అదే ఆమెకి విశ్రాంతి.

ఆ గ్రూపు పెట్టింది ఫిడెల్మాయే. పేజీ నెత్తిన నవ్వుతున్న ఫోటో ఆమెదే. ఈ వీధిలో దిగిన కొత్తలో పక్కింటి ఇంగ్లీషావిడ ఆమె మాట యాస విని, "మీ బండీ గుర్రాలూ ఎక్కడ కట్టారు?" అని నవ్వింది. ఆ రోజు ఫిడెల్మా ఏడ్చుకుంటూ ఫోన్లో రాసుకుంది. మేం బళ్ళలో కాపురముంటూ ఊరూరా తిరిగే ఐరిష్ సంచారులం కాదు, ఇల్లూ వాకిలీ ఉండి పరువుగా బతికేవాళ్ళం అని రాసింది. చదివినవాళ్ళంతా వచ్చి చేరారు. అప్పట్నుంచి ఊళ్ళో ఐరిష్ మనిషిని ఎవరైనా చిన్నమాట అంటే గ్రూపు ఊరుకోదు.

ఈసారీ ఊరుకోలేదు. కోపపు మొహాలు బారులు తీరాయి. మా అమ్మ పడవ దిగిన రోజుల్లో అద్దె ఇళ్ళ కిటికీల్లో ఐరిష్ వాళ్ళు వద్దని అట్టలు పెట్టేవాళ్ళని పెద్దావిడ నోరీన్ గుర్తుచేసింది. అట్ట తీశారు గానీ బుద్ధి మారలేదని ఇంకొకావిడ అందుకుంది. ఆ గుమ్మం ముందు అందరం పిల్లల బళ్ళు తోసుకెళ్ళి నిలబడదామని మరొకామె. ఇక ఫిడెల్మా సరే అనడమే తరువాయి.

ఆమెకి సరే అనబుద్ధి కాలేదు.

పోయినేడు ఇలాగే ఒకామె గోడు వెళ్ళబోసుకుంటే అందరూ కొంగు బిగించారు. తీరా చూస్తే ఆమె ఐరిష్ కాదు, అసలు ఆడమనిషే కాదు. ఎవడో ఆకతాయి ఆడిన నాటకం. ఊరు ఊరంతా పగలబడి నవ్వింది. మళ్ళీ మోసపోతే, రేపు నిజంగా దెబ్బతిన్న మనిషి వచ్చి ఏడ్చినా నమ్మే నాథుడుండడు.

అదీగాక ఈ విన్నీ రాత ఎందుకో ఆమె మనసుకి ఎక్కలేదు. ఎవరన్నారో చెప్పదు. ఎక్కడో చెప్పదు. మొహం ఉండాల్సిన చోట పూలగుత్తి బొమ్మ.

"నీది ఏ ఊరు తల్లీ?" అని అడిగింది.

ఇద్దరు ఐరిష్ వాళ్ళు ఎదురుపడితే మొదట పుట్టే ప్రశ్న అదే. ఊరు చెబితే చాలు, చర్చి ఫాదరు గారి పేరు మొదలుకొని మేనత్త మొగుడి దాకా చుట్టరికం లాగేస్తారు.

జవాబు చాలాసేపటికి వచ్చింది. "ఒక ఊరని చెప్పలేనక్కా. చాలాచోట్ల పెరిగాం."

నోరీన్ చాటుగా ఫిడెల్మాకి ఒక ముక్క పంపింది. "సొంత ఊరు చెప్పలేని ఐరిష్ మనిషిని నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఇదీ ఆ బాపతే. నువ్వు మెత్తబడకు."

ఎలా తేల్చుకోవాలి? తలెత్తితే కిటికీ గూట్లో బాలయేసు బొమ్మ కనబడింది. తన పెళ్ళికి అమ్మ పంపింది. పిల్లలు పడేస్తే తల ఊడింది. మెడకి నీలం ఉన్నిదారం చుట్టి నిలబెట్టింది. అది చూడగానే ఉపాయం తట్టింది.

"పెళ్ళికి వాన రాకూడదంటే ముందురోజు మీ అమ్మ ఏం చేసేది?"

ఈసారి జవాబు వెంటనే వచ్చింది. "బాలయేసుని తీసుకెళ్ళి బయట పొద కింద పెట్టేది. మాదానికి తల ఊడిపోయింది. ఊడితేనే మంచిదని అమ్మ అతికించనిచ్చేది కాదు. నా పెళ్ళికి మాత్రం కుండపోత. ఊడాల్సిన తల ఇంకొకటి మిగిలిందేమోనని నాన్న మా ఆయన్ని చూపించి నవ్వాడు."

ఫిడెల్మాకి నవ్వొచ్చింది. వెనకే కళ్ళు చెమర్చాయి. ఇది ఐరిష్ ఇళ్ళలోని ఆచారం, నాటకాలరాయుళ్ళకి తెలిసే సంగతి కాదు. ఇంత కష్టంలో ఉన్న పిల్లని నేరస్తురాలిలా నిలబెట్టి అడిగానే అని సిగ్గేసింది.

అందరూ చూసేలా రాసింది. "విన్నీ మన పిల్లే. అనుమానమున్న వాళ్ళు నాతో మాట్లాడండి. విన్నీ, నిన్ను పొమ్మన్న ఆ మనిషి పేరు చెప్పు. సోమవారంలోగా నీ పాపకి ఆ గుమ్మంలోనే చోటిప్పించకపోతే నేను ఫిడెల్మానే కాదు."

ఎర్ర గుండెలు వానలా కురిశాయి. నోరీన్ కూడా ఒకటి పెట్టింది. నిద్రలో కదిలిన పిల్లవాడి వీపు తడుతూ ఫిడెల్మా ఫోన్ వైపే చూస్తూ కూర్చుంది.

విన్నీ జవాబు వచ్చింది.

"పేరెందుకక్కా, మా కాపురం కాలవగట్టున బండిలోనని చెప్పగానే పొద్దున్న మీరు నా మొహాన తలుపు వేస్తున్నప్పుడు, మెడకి నీలం దారం చుట్టిన మీ బాలయేసు కింద పరుపు ఖాళీగానే కనబడింది."